బరువు చెయ్యి

బ్రహ్మలింగం మేస్త్రిని ఎవరైనా ఏదైనా అడిగితే, ఆయన అడిగినవాడి మొహం చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. చేతులు ఖాళీగా ఉంటే వాటికో పని అప్పజెప్పేవాడు. పనిలో ఉంటే ఆ పని ముగిసేదాకా నోరు విప్పేవాడు కాదు. ముగిసేసరికి చాలామందికి అడగాలన్న ఉబలాటమే తీరిపోయేది. తీరనివాడు మళ్ళీ అడిగేవాడు. అలా మళ్ళీ అడిగినవాళ్ళనే ఆయన శిష్యులుగా లెక్కవేసుకున్నాడు. మిగతావాళ్ళు ఆయన లెక్కలో వచ్చిపోయినవాళ్ళు, అంతే.

కడియపులంక దగ్గర పెద్దరోడ్డు పక్కన, రెండు పూలతోటల నడుమ రేకుల షెడ్డు ఆయనది. వయసు మీదపడ్డాక బరువు పనులు ఇద్దరు శిష్యులకి వదిలేసి, తాను గుమ్మం దగ్గర ఏదో కారులోంచి ఊడదీసిన సీటు మీద కూర్చునేవాడు. ఆ ఇద్దరిలో తాతాజీ ఇంజను పనివాడు, ఏసుపాదం వెల్డింగు పనివాడు. ఒకే ఏడు ఆయన దగ్గర చేరారు. ఒకడు తెచ్చుకున్న క్యారేజీ ఇంకొకడు తినేసేవాడు. ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకునేవారు. కులం ఒకటి కాదు, చుట్టరికం లేదు, అయినా ఆ పిలుపు వాళ్ళకి అమరింది.

ఆ షెడ్డులో ఒక చట్టం ఉండేది. బోల్టు బిగించినవాడు దాని తల మీద తన రంగు చుక్క పెట్టాలి. తాతాజీది పసుపు, ఏసుపాదానిది ఎరుపు. చుక్క పెట్టాడంటే మాట ఇచ్చినట్టు. ఒకడు చుక్క పెట్టిన బోల్టు జోలికి ఇంకొకడు వెళ్ళకూడదు. అనుమానం ఉంటే పెట్టినవాణ్ణే పిలిచి చూపించాలి. ఇప్పటి షెడ్లలో ఇలాంటివి ఎవరు పాటిస్తారు? బోల్టు ఎవడు బిగించాడో ఆ బోల్టుకే తెలియదు.

ఆ చట్టం దగ్గరే ఇద్దరికీ చెడింది. వానాకాలంలో ఒకనాడు నర్సరీ మహాలక్ష్మమ్మ కారు పని ముగించి పంపేశాక, ఏసుపాదం నలుగురిలో నిలబడి అనేశాడు: “నేను చుక్క పెట్టిన బోల్టు మీద నువ్వు మళ్ళీ పానా వేశావు. ఇంత దూరం నుంచి చూశాను. నీది బరువు చెయ్యి బావా, ఎంత బిగించినా చాలదు దానికి.” తాతాజీ మండిపడ్డాడు. తాను ముట్టలేదన్నాడు, తల్లి మీద ఒట్టు వేశాడు. కారు అప్పటికే వెళ్ళిపోయింది, ఇక తేల్చేవాడెవడు? మర్నాటినుంచి ఏసుపాదం తన వెల్డింగు సెట్టు రోడ్డుకి అవతల, టార్పాలిన్ కింద పెట్టుకున్నాడు. మేస్త్రి ఎవరినీ ఏమీ అనలేదు. రోడ్డుకి ఇవతలా అవతలా ఇద్దరు శిష్యులూ ఎడమొహం పెడమొహంగా పని చేసుకుంటుంటే, నడుమ లారీలు పోతూ ఉండేవి.

మేస్త్రి ఏమీ అనకపోవడానికి కారణం ఉందని తెలిసినవాళ్ళు నవ్వుకునేవారు. ఆయన షెడ్డుకి కూతవేటు దూరంలో సూరన్న స్పేరు పార్టుల కొట్టు ఉంది. “బ్రహ్మలింగానికి కళ్ళు మందగించాయి” అని ఆ సూరన్న ఎప్పుడో ఎవరితోనో అన్నాడట. అది మొదలు మేస్త్రి ఆ కొట్టులో వాషరు కూడా కొననివ్వలేదు. ఏ చిన్న సామాను కావాలన్నా మనిషి బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాల్సిందే. కాలం గడిచి సూరన్నకే కళ్ళజోడు వచ్చింది, మేస్త్రికి రాలేదు. అయినా మేస్త్రి మరిచిపోలేదు.

చలికాలం వెళ్ళబోతుండగా గాజువాక నుంచి ఒక కాంట్రాక్టరు ఏసుపాదానికి కబురుపెట్టాడు. సెట్టుతో సహా వచ్చేయమన్నాడు. ఏసుపాదం సరేనన్నాడు. సామాను ఎక్కించుకునే లారీ మధ్యాహ్నం తర్వాత వస్తుందనగా, ఆ పొద్దున తాతాజీకి టిఫిను దిగలేదు. రోడ్డు అంచుదాకా వెళ్ళేవాడు, అవతల ఏసుపాదం సెట్టుకి తాళ్ళు బిగించడం చూసేవాడు, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి వచ్చేవాడు. వెళ్ళొద్దు బావా అని ఒక్కమాట అంటే ఆగుతాడేమోనని ఉంది. అనడానికి నోరు రావడం లేదు. ఒట్టు వేసిన నోరు అది.

సరిగ్గా అప్పుడే మహాలక్ష్మమ్మ కారు నడుపుకుంటూ షెడ్డులోకి వచ్చింది. మొక్కల నర్సరీ ఆవిడది. వెనక సీటు ఎప్పుడో పీకేయించి, అక్కడ కుండీలు పేర్చుకుని పెళ్ళి పందిళ్ళకీ ఆఫీసులకీ తానే చేరవేస్తుంది. దిగుతూనే మొదలుపెట్టింది.

“మేస్త్రిగారూ, నా కారు మొక్కలకంటే ముందు రోడ్డుకి నీళ్ళు పోస్తోందండీ. ఇంటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా తడిపేసింది. ఇంకాస్త ఊరుకుంటే రోడ్డు మీద నారు పోసుకోవచ్చు.”

తాతాజీ బానెట్ ఎత్తి చూశాడు. ఇంజను తల మీద నీళ్ళ గొట్టం వచ్చి కలిసేచోట ఒక చిన్న మూత ఉంటుంది. దాని అంచులోంచి నీరు ఊరుతోంది. వానాకాలంలో ఏసుపాదం బిగించిన మూత అదే. తగువు పుట్టింది దాని దగ్గరే. తాతాజీ ఛాతీ ఒక్కసారిగా విచ్చుకుంది.

“చూశారాండీ గురువుగారూ! వాడి బిగింపు ఇదండీ!” అన్నాడు. మూత బోల్టుకి పానా తగిలించాడు. అది మెదల్లేదు. పానాకి ఇనప గొట్టం తొడిగి, కాలు బంపరుకి తన్నిపెట్టి, అలా లాగుతూనే అడిగాడు. “తప్పు వాడిదని తేలిపోయింది. మధ్యాహ్నం దాటితే లారీ వస్తుంది, వాడు వెళ్ళిపోతాడు. వెళితే మళ్ళీ రాడని నాకు తెలుసు. కానీ తప్పు వాడి దగ్గర ఉండగా, ముందు దిగొచ్చి మాట్లాడాల్సింది నేనా అండీ? మీరే చెప్పండి, నేనెందుకు ముందు...”

టక్‌మంది.

గొట్టంతో సహా తాతాజీ వెనక్కి వెళ్ళి కూలబడ్డాడు. బోల్టు తల ఎగిరి ఎక్కడో పడింది. మొండెం ఇంజనులోనే ఉండిపోయింది, గోరంత పైకి కనబడుతూ.

ఇనుము విరిగిన చప్పుడు వినడం ఆ వృత్తివాళ్ళకి అపశకునం. మహాలక్ష్మమ్మ మాత్రం, “అడిగింది చాలా బరువైన ప్రశ్నలా ఉందే!” అంది.

మేస్త్రి సీటు మీంచి లేచాడు. వంగి ఆ మొండేన్ని వేలితో తడిమాడు. తర్వాత నేల మీద వెతికి, డబ్బాల సందులోంచి బోల్టు తల తీసుకుని, కిరసనాయిలు ఉన్న మూకుడులో పడేశాడు. జిడ్డూ మట్టీ పట్టి అది నల్లటి బొగ్గుముక్కలా ఉంది.

“నడుమ కన్నం వేసి, ఎడమ మర ఉన్న ఉక్కు పుల్ల దిగ్గొట్టి లాగేస్తానండీ,” అన్నాడు తాతాజీ, బట్టలు దులుపుకుంటూ.

“ఆ పుల్ల పెళుసు. నీ చేతికి అది కూడా విరుగుతుంది. అప్పుడు ఇంజను తల మార్చాలి. అమ్మగారు కుండీలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరగాలి.”

“మరెలాగండీ?”

“మొండెం మీద నట్టు పెట్టి వెల్డింగు కొట్టించాలి.”

ఆ మాటకి తాతాజీ తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ చుట్టుపక్కల, పల్చటి అల్యూమినియం ఇంజను కరిగిపోకుండా ఉక్కు ముక్కకి మాత్రమే వెల్డింగు తగిలించగల చెయ్యి ఒక్కటే ఉంది. అది రోడ్డుకి అవతల ఉంది. మేస్త్రి పిలవమనలేదు, వద్దనలేదు. చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చివరికి మహాలక్ష్మమ్మే గుమ్మం దగ్గరికి వెళ్ళి, రోడ్డు మీద పోయే లారీల హారను కూడా వినబడనంత గట్టిగా కేకపెట్టింది. “ఏసుపాదం బాబూ! మీ గురువుగారి షెడ్డులో నా బండి చచ్చిపోయింది, ఓసారి రా!”

ఏసుపాదం వచ్చాడు. గురువుగారి షెడ్డు కాబట్టి వచ్చానన్నట్టు, వచ్చీరాగానే మేస్త్రికి దణ్ణం పెట్టాడు. తాతాజీ ఉన్నవైపు గోడ ఉన్నట్టుగా చూశాడు. బానెట్ కిందికి వంగి, మొండెం చూసి, ఒక్క క్షణం ఆగాడు. ఏ మూతో అతనూ గుర్తుపట్టాడు. అయినా వెళ్ళి, కట్టిన తాళ్ళన్నీ విప్పి, సెట్టుని బండి మీద తోసుకుంటూ రోడ్డు దాటించాడు.

“అమ్మా, బ్యాటరీ తీగ విప్పేయమనండి ఆయనగారిని. లేకపోతే కారు వైర్లన్నీ కాలతాయి,” అన్నాడు మహాలక్ష్మమ్మతో.

“ఎప్పుడో విప్పానని చెప్పండమ్మా ఆయనగారికి,” అన్నాడు తాతాజీ, బారెడు దూరంలోంచి.

“నేనేమైనా పోస్టుమేన్నా?” అంది ఆవిడ. “వెల్డింగు కొట్టాల్సింది ముందు మీ ఇద్దరికీ.”

ఏసుపాదం నవ్వు ఆపుకుని అద్దం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మొండెం మీద నట్టు నిలబెట్టి, దాని కన్నంలో ఒక్క చిటికె సేపు మంట పొడిచాడు. నట్టు ఎర్రబడింది. మేస్త్రి జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి ఆ వేడి అంచుకి తాకించాడు. మైనం కరిగి, మర సందుల్లోకి జారిపోయింది, దప్పికగొన్నవాడు నీళ్ళు తాగినట్టు.

“ఇక ఎవరూ ముట్టద్దు,” అన్నాడు.

టీ తెప్పించారు. తాతాజీ ఒక మూల, ఏసుపాదం ఒక మూల తాగారు. ఆ ఊరుకోవడమే తాతాజీకి అన్నిటికంటే కష్టంగా తోచింది. వేడిమీదే తిప్పేస్తే పోతుందని చెయ్యి దురద పెడుతోంది. మేస్త్రి మాత్రం మూకుడులోంచి బోల్టు తల తీసి గుడ్డతో మెల్లమెల్లగా తుడుస్తూ, ఈ లోకంలో అంతకంటే ముఖ్యమైన పని లేదన్నట్టు కూర్చున్నాడు. చాలాసేపటికి నట్టుని వేలితో ముట్టి చూసి, పానా తాతాజీకి అందించాడు.

“విరిచినవాడే తియ్యాలి. గొట్టం అక్కర్లేదు. రెండు వేళ్ళు చాలు. బిగించు.”

“విప్పమనాండీ?”

“నాకు కుడీ ఎడమా తెలుసురా. బిగించు. ఓ పిసరు.”

మూలలోంచి ఏసుపాదం, ఎవరినీ చూడకుండా, “ఆ చేతికి మళ్ళీ బిగింపా! ఇంజను దణ్ణం పెడుతోందండీ గురువుగారూ,” అన్నాడు.

తాతాజీ చెవులు ఎర్రబడ్డాయి. అయినా పానా వదల్లేదు. రెండు వేళ్ళతో, చంటిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, బోల్టు ఏ వైపు వెళ్ళి ఇరుక్కుందో ఆ వైపే, ఓ వెంట్రుకవాసి నొక్కాడు. లోపల ఎక్కడో కిర్రుమంది. ఆ చప్పుడు చెవికి కాదు, వేళ్ళకి వినబడింది. ఇన్నాళ్ళుగా మర పళ్ళని పట్టుకుని కూర్చున్న తుప్పు పెళ్ళ విడిపోయిన చప్పుడు అది. విప్పే వైపు లాగితే విరిగిపోయేంత పంతం పట్టిన బోల్టు, తన వైపు ఓ పిసరు రానిచ్చేసరికి మెత్తబడింది. అప్పుడు వెనక్కి తిప్పాడు. కొంచెం వచ్చింది. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. మైనం మెరుస్తున్న మరలతో మొండెం మొత్తం నట్టుతో సహా అతని చేతిలోకి వచ్చేసింది. ఇంజను మరలు ఒక్కటి కూడా చెడలేదు.

మహాలక్ష్మమ్మ చప్పట్లు కొట్టింది. తాతాజీకి కూడా కాసేపు తగువు గుర్తులేదు. తీసిన మొండేన్ని వెలుగులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. మంచి పని జరిగిన చోట ఉండే హాయి ఉంటుందే, అది షెడ్డంతా పరుచుకుంది. అప్పుడు మేస్త్రి తుడిచిన బోల్టు తల తెచ్చి, అతని రెండో అరచేతిలో పెట్టి, వెళ్ళి తన సీటులో కూర్చుని రోడ్డువైపు చూడసాగాడు.

తల మీద పసుపు చుక్క ఉంది.

తాతాజీ బొటనవేలి గోరుతో గీరాడు. పసుపు పెళ్ళలా లేచింది. దాని కింద ఎరుపు.

అప్పుడు గుర్తొచ్చింది. వాన, కరెంటు పోవడం, ఎవరో తొందరపెట్టడం, బానెట్ మూసేముందు ఎప్పటిలాగే తన చెయ్యి కనబడ్డ బోల్టునల్లా ఓసారి పలకరించుకుంటూ పోవడం, చుక్క పెట్టే కుంచె దానంతటదే డబ్బాలోకి వెళ్ళి రావడం. అబద్ధమని తెలిసి ఒట్టు వేయలేదు. చెయ్యి చేసింది మనసు చూడలేదు. ఒక బిగింపు మీద ఇంకో బిగింపు పడి మూత అంచు వంగిపోయింది. వంగినచోట నీరు ఊరింది, నీటికి తుప్పు పట్టింది.

ఎవరూ చూడటం లేదు. మేస్త్రి చూపు రోడ్డు మీద ఉంది. మహాలక్ష్మమ్మ కుండీలో ఎండుటాకులు ఏరుతోంది. ఏసుపాదం ఇటు వీపు పెట్టి తీగలు చుట్టుకుంటున్నాడు. బోల్టు తల రేగుపండంత ఉంటుంది. జేబులో వేసుకుంటే పోతుంది. పక్క కాలవలోకి విసిరినా పోతుంది. తాతాజీ అరచెయ్యి ఓసారి మూసుకుంది. ఆ తర్వాత అతను నడిచి వెళ్ళి, ఏసుపాదం ముందు నిలబడి, చెయ్యి తెరిచి దాన్ని అతని చేతిలో పెట్టాడు.

ఏసుపాదం దాన్ని చూశాడు. గీరిన చోట చూశాడు. తాతాజీ తల దించుకుని, పడాల్సిన మాట కోసం కాచుకున్నాడు. నలుగురిలో ఒట్టు వేసినవాడు, నలుగురిలో ఏమన్నా పడాల్సిందే.

“చుక్క మాత్రం గుండ్రంగా పెట్టావు బావా,” అన్నాడు ఏసుపాదం. “అది నీకు మొదట్నుంచీ బాగా వచ్చు.”

తాతాజీ పానా తీసి అతనికి అందించాడు. “కొత్త బోల్టు నువ్వు బిగించు. చుక్క నేను పెడతాను.”

“ఏ రంగు?”

“ఎరుపేలే.”

ఇంతలో లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, సామాను ఎక్కించమని తొందరపెట్టాడు. ఏసుపాదం సెట్టు మీద చెయ్యి వేసి, కాలినట్టు తీసేశాడు. “వేడిగా ఉందండీ. వేడి సెట్టుకి తాడు కట్టి ఎక్కిస్తే లోపలి తీగ చుట్టలు కాలిపోతాయి. మీరు వెళ్ళిపోండి.”

“ఎప్పటికి చల్లారుతుందయ్యా?”

“పాత సెట్టండీ. చెప్పలేం.”

ఆ సెట్టు టీ తాగేలోపే చల్లారిపోయిందని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. డ్రైవరు గొణుక్కుంటూ లారీ కదిలించుకుపోయాడు. కాంట్రాక్టరుకి ఏం చెప్పాడో వీళ్ళకి తెలియదు, అక్కర్లేదు కూడా.

వంగిన మూతని తాతాజీ చదును రాయి మీద రుద్ది తిన్నగా చేశాడు. కొత్త బోల్టు ఒక్కటే కావాలి. ఎప్పటిలా రాజమండ్రి బస్సు కోసం అతను చొక్కా మార్చుకున్నాడు. గుమ్మం దాటబోతూ మేస్త్రి ముందు ఆగాడు.

“గురువుగారూ, పొద్దున్న నేనడిగిన దానికి మీరు జవాబు చెప్పలేదండీ.”

మేస్త్రి అతని చేతులు చూశాడు. గోళ్ళ సందుల్లో మైనం, దాని పక్కన కాస్త పసుపు, కాస్త ఎరుపు. చాలాసేపు చూశాడు. తర్వాత తన మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచి, చెప్పులు వేసుకుని, కొలత కోసం విరిగిన బోల్టు ముక్కలు రెండూ తీసుకుని, బస్సు ఆగేవైపు కాకుండా రెండోవైపు నడక సాగించాడు.

మహాలక్ష్మమ్మ కంగారుపడింది. “మేస్త్రిగారూ, అటు సూరన్న కొట్టండీ!”

“నాకు కళ్ళు కనబడతాయమ్మా.”

శిష్యులిద్దరూ పరుగెత్తుకెళ్ళి ఆయనకి చెరో పక్కన నడిచారు. “ఇన్నాళ్ళకి వెళ్తున్నారు, ఆయనతో ఏం మాట్లాడతారండీ?” అని తాతాజీ ఆత్రంగా అడిగాడు.

“మాట్లాడ్డమేంటి? తిట్టడానికి వెళ్తున్నాను,” అన్నాడు మేస్త్రి, నడక ఆపకుండా. “ముందు ఓ పిసరు బిగించాలి కదరా.”